పన్నెండు కాగితాల బొంత

(బందరులో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నుంచున్నవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు కూర్చుంటే మాస్టారు ప్రశ్నలడుగుతాడని భయం పెట్టుకోకండి. నేను రిటైరై చాలా ఏళ్లయింది. అడిగినా మార్కులు వెయ్యను.

ముందు ఈ గోడకు కట్టిన ఫ్లెక్సీ సంగతి చెప్పాలి. వెడల్పు 233 సెంటీమీటర్లు, ఎత్తు 128. ఇది ఒక పాత ప్రపంచపటానికి నకలు. అసలు పటం ఎంతుందో సరిగ్గా అంతే కొట్టించాను. షాపులో కుర్రాడు కంప్యూటర్లో దీన్ని చూసి, "మాస్టారూ, ఫొటోలు ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు. ఎవరి ఫొటోలురా అంటే, "పుట్టినరోజు ఎవరిదో వాళ్లవి" అన్నాడు. అక్కర్లేదు బాబూ, పైన ఇద్దరు ముందే ఉన్నారు అన్నాను. నిజంగానే ఉన్నారు, చూడండి. పైన ఎడమవైపు ఒక పెద్దాయన, చేతిలో కోణాలు కొలిచే పరికరం. ఆయన పాతకాలపు భూగోళ పండితుడు టాలెమీ. కుడివైపు ఇంకొకాయన, చేతిలో వృత్తలేఖిని. ఆయన ఇటలీవాడు, సముద్ర యాత్రికుడు అమెరిగో వెస్పుచ్చి. ఒకాయన పాత ప్రపంచానికి, ఒకాయన కొత్త ప్రపంచానికి. ఫ్లెక్సీ మీద పైన ఇద్దరు నాయకుల బొమ్మలు పెట్టడం మనవాళ్లు కనిపెట్టింది కాదన్నమాట. 1507లోనే ఉంది.

1507. ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి. ఈ పటం ఆ ఏడాది తయారైంది. చెక్క మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు వేశారు. వెయ్యి ప్రతులు వేశామని చేసినాయనే తర్వాత రాసుకున్నాడు. వెయ్యి. ఇవాళ ప్రపంచం మొత్తం మీద ఎన్ని ఉన్నాయి? ఒకటి. ఒక్కటంటే ఒక్కటి. వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అని ఉంది కదా, అక్కడ ఉంది. దానికి వాళ్లు కోటి డాలర్లు ఇచ్చారు. ఇచ్చి, గాలి సోకకుండా ఆర్గాన్ వాయువు నింపిన పెట్టెలో పెట్టుకున్నారు. ఒక కాగితానికి, సారీ, పన్నెండు కాగితాలకి అంత ఖర్చేమిటి? ఎందుకు?

ఒక పిల్లని పిలుస్తాను. రా తల్లీ, నువ్వే, ఎర్ర రిబ్బను. ఇలా ఎడమవైపుకి రా. కింద చూడు. సన్నగా, పొడుగ్గా వేలాడుతున్నట్టు ఒక నేల ఉందా? దాని కింద భాగంలో ఇంగ్లీషు అక్షరాలున్నాయి, చదువు. గట్టిగా చదువు, అందరికీ వినిపించాలి. అ-మె-రి-కా. శభాష్. వెళ్లి కూర్చో.

ఆ మాట ఒక పటం మీద పడడం అదే మొదటిసారి. కోటి డాలర్ల గుట్టు అది. అందుకే అమెరికావాళ్లు దాన్ని తమ దేశపు బారసాల పత్రం లాగా చూసుకుంటారు. కానీ తమాషా చూశారా, ఆ పేరు ఎక్కడ ఉంది? దక్షిణాన. ఇవాళ్టి బ్రెజిల్ కింది భాగం, పరాగ్వే, ఆ దిక్కున. పైన ఉత్తరం ముక్క చూడండి, ఎంత సన్నగా ఉందో. దాని మీద ఆ పేరు లేదు. మన పిల్లలు న్యూజెర్సీలో ఉన్నారు, డాలస్‌లో ఉన్నారు, ఈ హాల్లో సగం ఇళ్లల్లో ఒకరైనా అక్కడే ఉన్నారు. వాళ్లున్న నేల ఈ పటం ప్రకారం అమెరికా కాదు. 1538లో మెర్కేటర్ అనే ఆయన తన పటంలో ఉత్తరానికీ దక్షిణానికీ కలిపి ఆ పేరు పెట్టాడు. అప్పటిదాకా ఆగాలి.

సరే, ఎవరు చేశారు దీన్ని? ఇవాళ్టి ఫ్రాన్స్‌లో వోజ్ అనే కొండలున్నాయి. ఆ కొండల్లో సెయింట్ దియే అనే చిన్న ఊరు. సముద్రం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఓడరేవు లేదు, నావికుడు లేడు. అప్పుడది లొరేన్ అనే చిన్న రాజ్యంలో ఉండేది. దాన్నేలే డ్యూక్ పేరు రెనే. ఆయన అండతో నలుగురు చదువుకున్నవాళ్లు అక్కడ చేరి ఒక అచ్చుయంత్రం పెట్టుకున్నారు. వాళ్లలో పటాలు గీసే ఆయన మార్టిన్ వాల్డ్‌సీముల్లర్. పేరు పలకడం కష్టం, మార్టిన్ అందాం. ఒక కసాయి కొడుకు, ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. రెండో ఆయన రింగ్‌మాన్. కవి, గ్రీకు వచ్చు, అప్పటికి పాతికేళ్లవాడు. వీళ్లిద్దరూ సముద్రం మీద ఏ అన్వేషణకూ పోయినవాళ్లు కాదు. ప్రపంచపటం గీశారు.

ఎలా గీశారు? అదే ఇవాళ నేను చెప్పదల్చుకున్న సంగతి. మన అమ్మమ్మలు బొంతలు కుట్టేవాళ్లు, గుర్తుందా? పాత చీర ఒకటి, పంచె ఒకటి, ఎవరిదో లంగా ముక్క ఒకటి. పైకి ఒకే దుప్పటిలా ఉంటుంది. కాస్త పరీక్షగా చూస్తే, ఇది ఫలానా అత్తయ్య చీర, ఇది తాతయ్య పంచె అని చెప్పేయొచ్చు. ఈ పటం అలాంటి బొంత. దీని అందమంతా కుట్టు దగ్గరే ఉంది. ఆ కుట్లే చూద్దాం.

అంతకుముందు ఒక్క నిమిషం. ఇది చూడండి. పెడన నుంచి తెచ్చాను. కలంకారీ అచ్చు, టేకు చెక్క. బందరు వాళ్లకి నేను చెప్పాలా దీని గురించి? కానీ బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఈ లత గీత చూశారా, పైకి నిలబడి ఉంది. అంటే చెక్కినాయన గీతని చెక్కలేదు. గీత కానిదంతా చెక్కి తీసేశాడు. ఉలి తగిలినచోట తెలుపు, తగలనిచోట రంగు. ఇప్పుడు స్టాంపు ప్యాడు మీద అద్ది కాగితం మీద కొడుతున్నాను. అదిగో. లత కుడివైపు తిరిగి ఉంది కదా, చెక్క మీద ఎడమవైపు ఉంది. అద్దంలో చూసినట్టు.

యూరప్‌లో అప్పటి చెక్క అచ్చులన్నీ ఇంతే. మనది టేకు, వాళ్లు ఎక్కువగా బేరిపండు చెట్టు కలప వాడేవాళ్లు. పని ఒకటే. ఇప్పుడు ఆలోచించండి. లత అయితే తిరగబడ్డా ఫరవాలేదు. పటం మీద వందల ఊళ్ల పేర్లు. ప్రతి అక్షరం తిరగేసి చెక్కాలి, అదీ ఆవగింజంత. ఇంటికెళ్లాక ఒక కాగితం మీద మచిలీపట్నం అని తిరగేసి రాయండి, ఎంతసేపు పడుతుందో చూడండి. అందుకని వాళ్లు ఒక ఉపాయం చేశారు. చాలాచోట్ల చెక్కలో సన్నటి గాడి తీసి, అందులో సీసం అక్షరాలు కూర్చారు. మన పాత ప్రెస్సుల్లో కంపోజింగ్ చేసేవాళ్లు చూడండి, ఆ అక్షరాలే. బొమ్మ చెక్కది, మాట లోహానిది. రెంటికీ కలిపి ఒకే సిరా, ఒకే నొక్కు.

ఇంకోటి. కాగితాలు పన్నెండు. ఒక్కొక్కటి సుమారు 46 సెంటీమీటర్లు, 63 సెంటీమీటర్లు. ఒక కాగితం అంచున ఆగిన తీరరేఖ పక్క కాగితంలో సరిగ్గా అక్కడే మొదలవ్వాలి. పెడనలో దుప్పటి మీద అచ్చు వేసేవాళ్లకి తెలుసు ఆ టెన్షన్. ఒక్క నూలుపోగు జరిగితే లత విరిగినట్టు కనిపిస్తుంది. ఇక్కడ ఆఫ్రికా విరుగుతుంది.

సరే, కుట్ల దగ్గరికి వద్దాం. మొదటి గుడ్డ, అన్నిటికన్నా పెద్దది, టాలెమీది. ఈయన ఎప్పటివాడు? క్రీస్తుశకం 150 ప్రాంతం. ఈజిప్టులో అలెగ్జాండ్రియాలో కూర్చుని, వచ్చే పోయే వర్తకుల మాటలూ, పాత పుస్తకాలూ పోగేసి, సుమారు ఎనిమిది వేల చోట్ల పేర్లు రాశాడు. చాలావాటి పక్కన అక్షాంశం, రేఖాంశం అంకెలు వేశాడు. పటం పోయినా అంకెలుంటే మళ్లీ గీసుకోవచ్చు. ఎంత తెలివైన పనో చూడండి! పశ్చిమ యూరప్ వెయ్యేళ్లకు పైగా ఆ గ్రంథాన్ని మర్చిపోయింది. 1400ల మొదట్లో ఇటలీలో లాటిన్‌లోకి వచ్చింది. 1477లో బొలోనాలో పటాలతో సహా అచ్చయింది, 1482లో ఉల్మ్‌లో చెక్క అచ్చు పటాలతో వచ్చింది. అప్పుడిక పండితులందరి చేతుల్లోనూ అదే.

ఇక్కడ మన ఊరి ప్రస్తావన ఉంది. టాలెమీ గ్రంథంలో భారతదేశపు తూర్పు తీరాన మైసోలియా అనే ప్రాంతం ఉంది. మైసోలస్ అనే నది ఉంది. ఇది కృష్ణ అని కొందరు, గోదావరి అని కొందరు. కృష్ణ అంటేనే నాకు ఇష్టం, మీకూ అంతే అనుకుంటాను. కొంటకోస్సిల అనే రేవు ఉంది. మన ఘంటసాల శాసనంలో కంటకసోల అని ఉంది. రెండూ ఒకటేనని పరిశోధకులు చెప్తారు. కొద్దూర అని ఇంకోటి ఉంది. ఇక్కడికి దగ్గర గూడూరు అంటారు దాన్ని. సువర్ణభూమికి పోయే ఓడలు తీరం వదిలి నడిసముద్రంలోకి తిరిగే చోటు కూడా ఇక్కడే అని రాశాడు. ఆలోచించండి. ఘంటసాలలో ఓడెక్కిన వర్తకుడెవడో, అతని నోటి మాట చేతులు మారి మారి అలెగ్జాండ్రియా చేరింది. అక్కడ అంకె అయింది.

మరి ఇంత తెలిసినవాడు భారతదేశాన్ని ఎలా గీశాడు? ఫ్లెక్సీలో చూడండి. మన దేశం ఎక్కడ? కనిపెట్టలేరు. ద్వీపకల్పమే లేదు. సింధు నది నుంచి గంగ దాకా తీరం దాదాపు అడ్డగీతలా పోతుంది. కన్యాకుమారి ముక్కు కోసేసినట్టు ఉంటుంది. దాని బదులు శ్రీలంక, టాలెమీ దాన్ని తప్రొబాన అన్నాడు, మన దేశమంత లావున కూర్చుంది. 1507 నాటికి వాస్కోడగామా కాలికట్ వచ్చి తొమ్మిదేళ్లయింది. పోర్చుగీసు నావికులకు మన తీరం వంపు తెలుసు. అయినా ఇక్కడ టాలెమీ గుడ్డే కుట్టారు. ఎందుకు? పుస్తకం మీద గౌరవం. పదమూడు వందల ఏళ్ల పెద్దాయనని నిన్నగాక మొన్న వచ్చిన ఓడవాడి మాట మీద తీసిపారేయడానికి చెయ్యి రాలేదు. మన ఇళ్లలో మాత్రం జరగదా ఇది?

రెండో గుడ్డ, హెన్రికస్ మార్టెల్లస్ అనే జర్మన్‌ది. ఆయన ఫ్లోరెన్స్‌లో పనిచేశాడు. 1490 ప్రాంతంలో గీసిన పెద్ద పటం ఒకటి ఇప్పుడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఉంది. రంగులు వెలిసిపోయి, రాతలు కనపడకుండా నల్లబడిపోయింది. 2014లో దాన్ని రకరకాల కాంతి కిరణాల కింద, కంటికి కనపడనివి కూడా కలిపి, ఫొటోలు తీశారు. చెరిగిపోయాయనుకున్న రాతలు పైకి తేలాయి. చూస్తే, మన మార్టిన్ పటంలో తూర్పు ఆసియా మీదున్న రాతలకీ వాటికీ దగ్గర చుట్టరికం బయటపడింది. ఆసియా తూర్పు చివర తోకలా వేలాడే ఆ ద్వీపకల్పం చూడండి. భూమ్మీద అలాంటిది లేనే లేదు. మార్టెల్లస్ గీశాడు, వీళ్లూ గీశారు. తప్పు కూడా వారసత్వంగా వస్తుంది. పరీక్షల్లో కాపీ ఎలా పట్టుకుంటాం మనం? ఒప్పులు చూసి కాదు, తప్పులు చూసే కదా?

మూడోది సముద్రం వాళ్ల గుడ్డ. నికోలో కావేరియో, జెనోవా ఆయన. పేరు మన కావేరిలా ఉంది గానీ సంబంధం ఏమీ లేదు. 1505 ప్రాంతంలో పోర్చుగీసు సమాచారంతో ఒక నావికుల పటం గీశాడు, ఇప్పుడు పారిస్‌లో ఉంది. ఆఫ్రికా చూడండి, ఎంత చక్కగా ఉందో. ఇవాళ స్కూలు అట్లాసులో పెట్టినా గుర్తుపడతారు. కింద అంచు చట్రాన్ని కూడా తన్నుకుని బయటికొచ్చింది. పాత లెక్కలో సిద్ధం చేసుకున్న చోటు చాల్లేదు మరి. ఒకే పటంలో ఆఫ్రికా కొత్త చీర, ఇండియా పాత పంచె. పక్కపక్కనే. కుట్టు ఎక్కడుందో ఇప్పుడు మీకే కనపడుతోంది.

ఈ కొత్త తీరం మీద ఒక మంచి తప్పు ఉంది. నాకు చాలా ఇష్టమైన తప్పు. బ్రెజిల్‌లో ఇవాళ సాల్వడార్ అనే నగరం ఉన్నచోట ఒక అఖాతం ఉంది. పోర్చుగీసులో దాని పేరు 'సర్వపునీతుల అఖాతం'. అఖాతాన్ని వాళ్లు 'బాయియా' అంటారు. ముందు ఒక 'అ' చేరితే 'అబాయియా' లాగా వినపడుతుంది. నకలు రాసేవాళ్లు, అనువాదం చేసేవాళ్లు దాన్ని 'అబాతియా' చేశారు. లాటిన్‌లో అంటే క్రైస్తవ మఠం. ఇంకేముంది, అఖాతం కాస్తా 'సర్వపునీతుల మఠం' అయి కూర్చుంది. మనిషి పురుగు లేని చోట, నీళ్ల మీద, ఒక మఠం! లేదు లేదు, మనుషులు లేరనకూడదు, అక్కడి ఆదివాసులు వేల ఏళ్ల నుంచి ఉన్నారు. మఠం మాత్రం లేదు. సముద్రాన్ని ఎరగని కొండ ఊళ్లో కూర్చుని పటం గీస్తే ఇలాంటివి జరుగుతాయి.

నాలుగో గుడ్డ కాగితం ముక్క, ఉత్తరం. వెస్పుచ్చి ప్రయాణాల గురించి అతని పేరుతో రెండు చిన్న పుస్తకాలు అచ్చయి యూరప్ అంతా అమ్ముడుపోయాయి. వాటిలో ఎంత అతను రాసింది, ఎంత అచ్చువాళ్లు కలిపింది అన్నది పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. 1497లో మొదటి ప్రయాణం చేశానన్నది చాలామంది నమ్మరు. కానీ అందులో ఒక మాట పెద్దది. నేను చూసింది ఆసియా అంచు కాదు, ఇది వేరే నేల, కొత్త ప్రపంచం అన్నాడు. కొలంబస్ 1506లో చనిపోయేదాకా తను చేరింది ఆసియా దగ్గరి దీవులే అనుకున్నాడు. చూశారా తేడా? ముందు చేరినవాడు కొలంబస్. చేరింది ఏమిటో చెప్పినవాడు వెస్పుచ్చి, కనీసం అతని పేరున్న పుస్తకం.

మరి మార్టిన్, రింగ్‌మాన్ కొలంబస్‌ని దాచేశారా? లేదండీ. ఈ మాట చాలామంది అంటారు, అన్యాయం. ఇక్కడ కరీబియన్ దీవుల దగ్గర చూడండి, లాటిన్‌లో ఉంది: స్పెయిన్‌లోని కాస్టిల్ రాజు ఆజ్ఞ మీద జెనోవా వాడైన కొలంబస్ ఈ దీవులు కనుక్కున్నాడని. ఎవరి వాటా వాళ్లకిచ్చారు. దీవులు ఆయనవి, ఖండం ఈయనది.

పేరు ఎలా పెట్టారో కూడా రాశారు. పటంతో పాటు ఒక చిన్న పుస్తకం వేశారు, 1507 ఏప్రిల్ 25 తేదీ ఉంటుంది దాని మీద. 'కాస్మోగ్రఫియే ఇంట్రొడక్షియో', అంటే విశ్వవర్ణనకి ప్రవేశిక. అందులో చెప్పింది నా మాటల్లో చెప్తాను. యూరప్, ఆసియా, ఆఫ్రికా మూడూ అందరికీ తెలిసినవే. నాలుగో భాగం ఒకటి అమెరిగో కనుక్కున్నాడు. కనుక దానికి అమెరిగే అనో, అమెరికా అనో పేరు పెడితే ఎవరైనా ఎందుకు కాదంటారో మాకు తెలియడం లేదు, యూరప్‌కీ ఆసియాకీ ఆడవాళ్ల పేర్లే వచ్చాయి కదా అన్నారు. 'గే' అంటే గ్రీకులో నేల. అమెరిగే, అమెరిగో నేల. శ్లేష. పటాలు గీసే మనిషికి ఇలాంటి శ్లేష ఎందుకు తోస్తుంది? కవికి తోస్తుంది, గ్రీకు వచ్చినవాడికి తోస్తుంది. అందుకే ఆ వాక్యాలు రింగ్‌మాన్‌వని చాలామంది పరిశోధకులంటారు. నేనూ ఆ పక్షమే. ప్రపంచంలో ఇంత పెద్ద నేలకి ఒక కుర్ర కవి పేరు పెట్టాడన్నమాట. పాపం, 1511లో ముప్పై నిండకుండానే పోయాడు.

ఇక్కడ ఎవరో ఒకరు అడుగుతారు, ఎప్పుడూ అడుగుతారు. మాస్టారూ, ఆ కొత్త ఖండానికి పడమట సముద్రం గీశారు కదా, స్పెయిన్ అన్వేషకుడు బల్బోవా ఆ పసిఫిక్ సముద్రాన్ని చూసింది 1513లో కదా, ఆరేళ్ల ముందు వీళ్లకెలా తెలుసు? రహస్యంగా ఎవరైనా వెళ్లొచ్చారా? దీని మీద యూట్యూబులో బోలెడు వీడియోలున్నాయి, నేనూ చూశాను. నాకు నమ్మకం లేదు. ఎందుకో చెప్తాను. పెద్ద పటంలో చూడండి, ఉత్తరం ముక్కకీ దక్షిణం ముక్కకీ మధ్య నీళ్లున్నాయి, ఓడ పోయేంత సందు. ఇప్పుడు పైన వెస్పుచ్చి పక్కన ఉన్న చిన్న గుండ్రటి పటం చూడండి. అక్కడ రెండూ కలిసిపోయి ఉన్నాయి. ఒకే పటం, ఒకే చెయ్యి, రెండు రకాలు. కచ్చితంగా తెలిసినవాడు అలా గీస్తాడా? ఇది ఆసియా కాదు అని ఒకసారి అనుకున్నాక, అటు జపాను ఉందని మార్కో పోలో నుంచి వింటున్నాక, మధ్యలో నీళ్లు పెట్టక ఏం పెడతారు? మంచి ఊహ. ఊహే.

ఇప్పుడు అసలు మలుపు. 1513లో స్ట్రాస్‌బర్గ్‌లో టాలెమీ గ్రంథం మళ్లీ అచ్చయింది, కొత్త పటాలు మార్టిన్‌వే అంటారు. అందులో ఆ నేల మీద ఏమని ఉంది? అమెరికా అని లేదు. 'తెలియని నేల' అని ఉంది, కొలంబస్ కనుక్కున్నాడన్న మాట కూడా ఉంది. 1516లో మార్టిన్ ఇంకో పెద్ద పటం వేశాడు, ఇదీ పన్నెండు కాగితాలే, ఇదీ చెక్క అచ్చే. అందులోనూ అమెరికా లేదు. కొత్త నేల అని ఒకటి, బ్రెజిల్ లేదా చిలకల నేల అని ఒకటి ఉన్నాయి. పాఠకుడికో విన్నపం కూడా రాశాడు. మునుపు మేము వేసిన పటం తప్పులతో, వింతలతో, గందరగోళంతో నిండి ఉంది, అది నచ్చినవాళ్లు బహు తక్కువ అని. వెయ్యి ప్రతుల లెక్క కూడా అక్కడే చెప్పాడు. ఈసారి టాలెమీని పక్కనపెట్టి నావికుల పటం వైపు వెళ్లాడు. భారతదేశం ఇందులో చక్కటి ద్వీపకల్పం. కన్యాకుమారి ముక్కు మళ్లీ మొలిచింది.

తన చేత్తో పెట్టిన పేరు తానే తీసేశాడు. కానీ ఏం లాభం? పెళ్లి కార్డులు ఊరంతా పంచేశాక ముహూర్తం మారిస్తే ఎలా ఉంటుంది? 1507 ఆగస్టులోనే ట్రిథీమియస్ అనే మఠాధిపతి ఆ పటం కొన్నానని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. 1515లో షోనర్ అనే ఆయన తన గోళం మీద ఆ పేరు వేసేశాడు. 1520లో పీటర్ ఏపియన్ అనే ఆయన చిన్న పటంలో వేశాడు. వీళ్లెవరికీ మార్టిన్ మనసు మారిన సంగతి పట్టలేదు. మాట బాగుంది, ఆసియా, ఆఫ్రికా, అమెరికా, నోట్లో బాగా పడుతోంది, వాడుకున్నారు.

మరి వెయ్యి ప్రతులు ఏమయ్యాయి? ఒక ప్రశ్న. 2007 సంవత్సరపు క్యాలెండరు మీలో ఎవరింట్లో ఉంది? చెయ్యెత్తండి. ఒక్కరూ లేరు. కొన్ని లక్షలు వేసుంటారు కదా, ఏమయ్యాయి? మీ ఇంట్లో ఏమయ్యాయో చెప్పండి. పిల్లల పుస్తకాలకి అట్టలయ్యాయి, అల్మరా అరల్లో పరిచారు. గోడకు తగిలించే కాగితం బతుకే అంత. ఈ పటమూ గోడకు అతికించుకునేదే. పొగ పట్టింది, చెమ్మ పట్టింది, పురుగు తిన్నది. పదేళ్లకో కొత్త ఓడ వచ్చి కొత్త సంగతి చెప్పింది, పటం పాతబడింది. అట్టల్లోకి పోయింది.

ఒక్కటి మిగిలింది. ఎందుకు? గోడకు అతికించలేదు కాబట్టి. ఇందాక గోళం చేసిన షోనర్ అన్నాను కదా, జర్మనీలో లెక్కలు, ఖగోళం చెప్పే మాస్టారు. ఆయన దీన్ని కాగితాలుగానే ఉంచి, 1516 పటాన్నీ, డ్యూరర్ అనే జర్మన్ చిత్రకారుడి చెక్క అచ్చు నక్షత్రపటాన్నీ కలిపి ఒక పెద్ద పుస్తకంగా బైండు చేయించుకున్నాడు. ఆయన పోయాక ఆ పుస్తకం చేతులు మారి దక్షిణ జర్మనీలో వోల్ఫెగ్ అనే కోటలోకి చేరింది. అక్కడ పడుంది. ఏపియన్ 1520 పటమే అమెరికా పేరున్న మొదటిదని లోకమంతా అనుకుంటూ ఉంది. 1507 పటం గురించి పుస్తకంలో చదవడమే, చూసినవాడు లేడు.

1901లో జోసెఫ్ ఫిషర్ అనే జెసూట్ ఫాదర్ ఆ కోటకి వెళ్లాడు. ఆయనా మాస్టారే, ఆస్ట్రియాలో ఒక బళ్లో పాఠాలు చెప్పేవాడు. ఆయన వెతుకుతున్నది ఇది కాదు. కొలంబస్ కన్నా ఐదు వందల ఏళ్ల ముందు ఉత్తర దేశపు నావికులు అటు వెళ్లారు కదా, దానికి పటాల్లో ఆనవాళ్లేమైనా ఉన్నాయా అని గ్రీన్‌లాండ్ కోసం వెతుకుతున్నాడు. ఆ పుస్తకం తెరిచాడు. పన్నెండు కాగితాలు, ఒక్కటీ పోలేదు. ఆ క్షణం ఆయన ఏమనుకున్నాడో గానీ, నాకైతే తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 1903లో నకళ్లతో పుస్తకం వేశాడు.

తర్వాతిదంతా డబ్బు వ్యవహారం, గబగబా చెప్పేస్తాను. జర్మనీ దాన్ని దేశం దాటకూడని వస్తువుల జాబితాలో పెట్టింది. ప్రత్యేక అనుమతి ఇచ్చాక 2003లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కొనుగోలు పూర్తి చేసింది. 2007లో, సరిగ్గా అయిదు వందల ఏళ్లకి, అప్పటి జర్మనీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ వాషింగ్టన్ వెళ్లి లాంఛనంగా అప్పగించారు.

పెద్ద పటంతో పాటు ఒక చిన్నదీ వేశారు. పడవ ఆకారంలో పన్నెండు ముక్కలు ఒకే కాగితం మీద, కత్తిరించి బంతికి అతికిస్తే గోళం. నారింజ తొక్క ఒలిచి పరిచినట్టు ఉంటుంది. అవి నాలుగైదు మిగిలాయి. 2012లో మ్యూనిక్ విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఒకటి అనుకోకుండా దొరికింది. 2017లో లండన్‌లో ఇంకోటి వేలానికి వచ్చింది. అమ్మకానికి కొద్ది రోజుల ముందు వెనక్కి తీసుకున్నారు. ఎందుకో తెలుసా? అమెరికాలో మిన్నెసోటాలో ఉన్న ప్రతిలో కాగితం పాడై అతుకు వేసినచోట ఒక తెల్లగీత ఉంది. ఇందులోనూ అదేచోట అలాంటి తెల్లగీత కనపడింది. ఇక్కడ అతుకు లేదు, గీత ఉంది! చెక్క దిమ్మ మీద అతుకు ఎలా వస్తుంది? ఫొటో తీసి అచ్చు వేస్తేనే వస్తుంది. నకలు చేసినవాడు తప్పును కూడా శ్రద్ధగా నకలు చేశాడు. ఇందాకటి తోక కథే.

దిమ్మలంటే గుర్తొచ్చింది. వాషింగ్టన్ ప్రతి కూడా 1507లో వేసింది కాకపోవచ్చు. 1985లో ఎలిజబెత్ హారిస్ అనే ఆవిడ దాని అచ్చునీ, కాగితంలోని నీటిగుర్తునీ పరిశీలించారు. దిమ్మలు అప్పటికే వాడి వాడి బీటలిచ్చాయి, గీతలు తెగాయి. అవే దిమ్మల మీద 1515 ప్రాంతంలో మళ్లీ వేసిందిది అని ఆవిడ తేల్చారు. అంటే మొదటి విడతలో వేసిన కాగితం ఒక్కటీ మిగల్లేదన్నమాట. ఈ అచ్చు చూడండి, పెడనది. దీని అంచున ఈ పూరేకు విరిగింది, కనిపిస్తోందా? దీంతో వేసిన ప్రతి దుప్పటి మీదా ఆ రేకు ఉండదు. ఏ దుప్పటి ముందుది, ఏది తర్వాతది అని దాన్ని బట్టే చెప్పేస్తారు పనివాళ్లు. హారిస్ గారు చేసింది ఆ పనే.

చివరగా ఒక్కటి చూపించి దిగిపోతాను. టీ కూడా వచ్చినట్టుంది. ఈ పటం మీద కొన్ని కాగితాల్లో ఎర్రసిరాతో సన్నటి గళ్లున్నాయి. అవి అచ్చువి కావు, చేత్తో గీసినవి. షోనర్ గీసుకున్నాడు. మన పిల్లలు బొమ్మ పెద్దది చెయ్యాలంటే స్కేలు పెట్టి గళ్లు గీసి, గడికి గడి ఎక్కిస్తారు చూడండి, అలా. కోటి డాలర్ల కాగితం మీద స్కేలు పెట్టి గీతలు. ఆయనకది క్లాసుకి పనికొచ్చే పటం అంతే. దగ్గరికొచ్చి చూడండి, మధ్య కాగితాల్లో వెతకండి. పిల్లలు ముందు రండి. అమ్మా, ఆ లైటు కాస్త ఇటు తిప్పుతారా?